ఆ యాసంగిలో నేను తగ్గించి రాసిన నీళ్లు

పదేళ్ల కిందట, యాసంగి అనే రబీ పంటకాలం చివర్లో, హనుమకొండలోని ఒక ఆఫీసు గదిలో నేను చెప్పకుండా మింగేసిన మాట ఒకటుంది. ముందు అది చెప్పేస్తాను.

ఆ రోజు ఒక లష్కర్ మీద విచారణ జరుగుతోంది. లష్కర్ అంటే కాలువ వెంట తిరుగుతూ తూముల షట్టర్లు ఎత్తి దించే మనిషి. మక్క, అంటే మొక్కజొన్న, ఎండిపోయే రోజుల్లో నీళ్లు అమ్ముకున్నాడని ఆయన మీద ఫిర్యాదు. నన్ను సాక్షిగా పిలిచి ఒకే ప్రశ్న అడిగారు: "మీ రిజిస్టర్ ప్రకారం ఆ రోజుల్లో మక్కకు మామూలు కంటే ఎక్కువ నీళ్లు అవసరమయ్యాయా?" నేను రిజిస్టర్ తిరగేసి "లేదు సార్" అన్నాను. రిజిస్టర్‌లో నిజంగానే లేదు. కానీ ఆ రిజిస్టర్ రాసింది నేనే. అందులోని అంకెలు నేను కళ్లతో చూసిన అంకెలు కావు. ఆ మాట చెప్పి ఉంటే ఆయన పని పోయేది కాదు, సొంత ఊళ్లో దొంగ అన్న పేరు పడేది కాదు.

నాకిప్పుడు యాభై ఆరేళ్లు. రెండేళ్ల కిందట స్వచ్ఛందంగా ఉద్యోగం మానేశాను. వరంగల్ శివారులోని ఒక వ్యవసాయ పరిశోధన క్షేత్రంలో ఇరవై తొమ్మిదేళ్లు వాతావరణ పరిశీలకుడిగా పనిచేశాను. ఆ పని బాగా చేశాననే చెప్పుకుంటాను. ఎండ, గాలి, తేమ, వాన, వీటి గురించి నా మాటకు విలువ ఉండేది. అందుకే ఆ ఒక్క అబద్ధం అంత బలంగా పనిచేసింది. ఎప్పుడూ తప్పు రాసేవాడు మరో తప్పు రాస్తే ఎవరూ నమ్మరు కదా.

ఇప్పుడు ఈ పనిలో ఉన్నవాళ్లకు అన్నీ యంత్రాలే రాసిపెడుతున్నాయి. మా రోజుల్లో ఎలా ఉండేదో కొంచెం చెప్తేగానీ నా తప్పు మీకు అర్థం కాదు.

కాజీపేట నుంచి స్కూటర్ మీద బయల్దేరి ఉదయం ఏడు దాటేసరికి క్షేత్రంలో ఉండాలి. కంచె వేసిన చిన్న జాగాలో వానమాపకం, ఉష్ణమాపకాలు పెట్టిన తెల్లటి చెక్కపెట్టె, వాటి పక్కన ఒక రాగి తొట్టి. ఎడ్లబండి చక్రమంత వెడల్పు, మోకాలి దాకా కూడా రాని లోతు. దాని నిండా నీళ్లు, పైన తీగ వల. వల లేకపోతే గోరింకలు వచ్చి మా లెక్కలన్నీ తాగిపోతాయి. నిన్నటి నుంచి ఇవాళ్టికి తొట్టిలో ఎంత నీరు ఆవిరైందో, అంత నీటిని ఇత్తడి కొలగ్లాసుతో తిరిగి పోస్తాం. లోపల ఒక ముల్లు ఉంటుంది. నీరు ఆ ముల్లు మొనను తాకగానే ఆపాలి. ఒక నిండు గ్లాసు పడితే రెండు మిల్లీమీటర్లు ఆవిరైనట్టు. ఆ అంకెను పంట వయసుకు తగిన గుణకంతో హెచ్చిస్తే, ఆ పంట ఆ రోజు ఎన్ని నీళ్లు తాగిందో తెలుస్తుంది. కాలువల ఇంజనీర్లు ఆ లెక్క చూసే, ఎన్ని రోజులు నీళ్లు వదలాలి, ఎన్ని రోజులు ఆపాలి అని వంతులు వేస్తారు. అంటే ఆ గ్లాసు పట్టుకున్న చెయ్యి కాలువ మీద ఉన్నట్టే. ఇది నాకు ఎవరూ నేర్పలేదు. నాకు నేర్పినవి వేరే.

నాకు పని నేర్పిన సీనియర్ పరిశీలకుడు జనగామ వైపు మనిషి. ఎప్పుడూ దవడలో జరదా, నోట్లో సామెత. మంచివాడు. మా ఆవిడ కాన్పుకు దవాఖానలో ఉంటే వారం రోజులు నా డ్యూటీ కూడా ఆయనే చేశాడు. ఆయన భయపడే వస్తువు ఒక్కటే. సంజాయిషీ ఉత్తరం. మేం పంపిన అంకె పాతికేళ్ల సగటుకు దూరంగా ఉంటే పైఆఫీసు నుంచి కాగితం వచ్చేది: 'ఈ రీడింగు అసాధారణంగా ఉన్నది, కారణం తెలుపగలరు' అని. ఎప్పుడో ఒకసారి అలాంటి కాగితం పట్టుకుని ఆయన పట్నం దాకా పోయి, ఒక అధికారి ముందు రోజంతా నిలబడి వచ్చాడట. అప్పటి నుంచి ఆయనకొక సూత్రం.

"తమ్మీ, అంకె అంటే పెండ్లికొచ్చిన సుట్టం లెక్కుండాలె. అందరితోటి కలిసి బంతిల కూసోవాలె. ఒక్కతే నిలవడ్డదనుకో, పెండ్లి మొత్తం దాని మొకమే సూస్తది."

"మరి నిజంగనే నిలబడితే ఎట్ల సార్?"

"భుజం మీద చెయ్యేసి కూసోవెట్టాలె."

అందరం నవ్వేవాళ్లం. కూర్చోబెట్టడం అంటే, ఆ రోజుకు పాత సగటును రాసేయడం. వల చిరిగితే, కుక్క మూతి పెడితే, తొట్టి కారితే అలా చేయడం నియమమే. పక్కన బ్రాకెట్ పెట్టి కారణం రాయాలి. మేం బ్రాకెట్ మానేశాం, కారణం మానేశాం, కూర్చోబెట్టడం మాత్రం మిగిలింది.

ఆయన ఆ ఏడు జనవరి ఆఖరున రిటైరయ్యాడు. దండలు, జిలేబీ, మిక్చర్, కంటతడి అన్నీ అయ్యాయి. ఫిబ్రవరి నుంచి తొట్టి నాది.

ఫిబ్రవరి రెండో వారంలో ఒక పొద్దున రెండున్నర గ్లాసులు పోసి ముల్లు వైపు చూశాను. మామూలుగా ఆ రోజుల్లో అక్కడితో సరిపోతుంది. నీరు ముల్లుకు చాలా కింద ఉంది. మూడో గ్లాసు పోశాను. నాలుగో గ్లాసు నిండా పోశాక మొన తాకింది. తొట్టి కారుతోందనుకుని కింద చెక్కల మధ్య పాత న్యూస్‌పేపర్ పరిచాను. సాయంత్రానికి చూస్తే కాగితం గలగలలాడుతోంది. వల బాగుంది. కుక్క అడుగులు లేవు. మర్నాడు మళ్లీ నాలుగు. ఆ మర్నాడు నాలుగున్నర.

కారణం నాకు ఒంటికే తెలుస్తోంది. పొద్దున పదింటికే పడమటి నుంచి పొడి గాలి. మార్చి ఆఖరున రావాల్సిన గాలి. పెదవులు పగులుతున్నాయి. దారిలో కల్లాల్లో ఆరబోసిన మిర్చి రెండు మూడు రోజులు ముందే ఎండిపోయిందని రైతులు సంతోషపడుతున్నారు. మిర్చి ఎండబెట్టే గాలి పక్క చేనులో మక్కను ఏం చేస్తుందో ఆలోచించాల్సింది నేను.

సీనియర్‌కు ఫోన్ చేశాను.

"నాలుగున్నర వస్తాంది సార్."

"కారుతాందా?"

"లేదు."

"పిట్టలు?"

"లేవు సార్. ఎండ, గాలి. అంతే."

"నార్మలెంత?"

"రెండున్నర."

"గదే రాయ్. కుర్సీల కూసోని పది దినాలు కాలే, అప్పుడే ఉత్తరాలు తెప్పించుకుంటవా? రేపో ఎల్లుండో మొగులైతది, మబ్బు పట్టంగనే అన్నీ సక్కగైతయ్. ఫికర్ చెయ్యకు."

ఆయనను తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. ఆయన ఫోన్లో చెప్పింది ఒక్కసారి. నేను రిజిస్టర్‌లో రాసింది పదిహేను రోజులు, గాలి తిరిగి అంకెలు సగటుకు దిగేదాకా. అసలు అంకెను మాత్రం రోజూ నా జేబు డైరీలో రాసుకున్నాను. అదెందుకు రాసుకున్నానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. బహుశా నేను నిజాయితీపరుణ్నే అని నాకు నేను చెప్పుకోవడానికి.

అదే సమయంలో నీటిపారుదల ఆఫీసు నుంచి అడిగారు. జలాశయంలో ఆ ఏడు నీళ్లు అంతంతమాత్రం. వంతుల మధ్య విరామం పెంచాలనుకుంటున్నారు. పూత దశకు వస్తున్న మక్క నీళ్లు లేకుండా ఎన్ని రోజులు ఆగగలదు? రిజిస్టర్ అంకెలతో లెక్క కట్టాను. పది రోజులు వచ్చింది. డైరీ అంకెలతో కూడా లెక్క కట్టాను. ఏడు వచ్చింది. చార్టులో పది రాసి సంతకం పెట్టి పంపాను. ఏడు రాస్తే, రిజిస్టర్‌లో పదికి సరిపోయే అంకెలు ఎందుకున్నాయని అడుగుతారు. మొదటి రోజు చేసిన పనిని కాపాడుకోవడానికి ఐదో రోజున అంతకంటే పెద్ద పని చేయాల్సి వచ్చింది.

మా నాన్న కాశిబుగ్గలో మగ్గం నేసేవాడు. పోగు తెగితే మగ్గం ఆపి అక్కడికక్కడే ముడి వేసేవాడు. అన్నం చల్లారినా సరే ముందు ముడే. తెగింది చూసి కూడా రెండు పోట్లు ఎక్కువ నేస్తే, తర్వాత అంతా విప్పుకోవాలనేవాడు. ఆయన కొడుకుని అయ్యుండి ఇంత చిన్న విషయం పాటించలేదు.

కాలువ ఆపిన ఏడో రోజున లష్కర్ మా క్షేత్రానికి వచ్చాడు. ఆయనది కాలువ చివరి ఊరు. నా కంటే నాలుగైదేళ్లు పెద్ద. పర్మనెంటు ఉద్యోగం కాదు, కాంట్రాక్టు కింద పని. ఊరి నుంచి అంత దూరం సైకిల్ మీద వచ్చి, చొక్కాతో మొహం తుడుచుకుంటూ సంచిలోంచి ఒక మక్క ఆకు తీసి నా బల్ల మీద పెట్టాడు. ఆకు నిలువునా చుట్టుకుపోయి ఉంది.

"గిది సూడుండ్రి సార్."

"ఎండకు చుట్టుకుంటదన్నా. సాయంత్రం విచ్చుకుంటది."

"పగటీలి సుట్టుకుంటె నాకు తెల్వదా సార్. పొద్దుగాల తొమ్మిదింటికి తెంపిన. రాత్రి సుత ఇచ్చుకుంటలేదు. పీచు ఎల్లే యాళ్ల. ఇంక మూడొద్దులు ఆగితే కంకుల గింజ పట్టది."

"చార్టులో పది రోజులని ఉంది."

"కాగితానికి దూప కాదు గద సార్."

ఆ దాహం లెక్క నాకు తెలుసు. జేబులో డైరీ ఉంది. "పైసార్లకు చెప్తాలే" అన్నాను. ఆయన నమ్మాడు. చాయ్ ఇప్పిస్తానంటే, "వద్దు సార్, షట్టర్‌కాడ ఎవ్వలు లేరు" అని వెళ్లిపోయాడు. నేను పైసార్లకు చెప్పలేదు. ఆ మధ్యాహ్నం రెండుసార్లు ఫోన్ చేతిలోకి తీసుకుని పెట్టేశాను. మూడు రోజులే కదా అనుకున్నాను.

ఆయన రెండు రోజులు ఎదురుచూశాడు. తొమ్మిదో రోజు పొద్దున, ఎవరి అనుమతీ లేకుండా, తూము షట్టర్‌ను జానెడు ఎత్తాడు. చివరి మడులకు ఒక్క తడి అందినా పంట నిలబడుతుందని ఆయన ఆశ. కానీ చివరి ఊరికి చేరాలంటే నీళ్లు పై ఊరిని దాటి పోవాలి. అక్కడివాళ్ల మక్కలూ ఎండుతున్నాయి. కాలువలో తడి కనబడగానే మోటార్లు దించారు. జానెడు నీళ్లు జానెడు కూడా కిందికి రాలేదు. మధ్యాహ్నానికి చివరి ఊరివాళ్లు వచ్చి చూశారు. కాలువ బందు రోజున షట్టర్ ఎత్తి ఉంది. పై ఊరి చేలు నల్లగా తడిసి ఉన్నాయి. తమ చేలు నెర్రెలిచ్చి ఉన్నాయి. వాళ్ల స్థానంలో ఉంటే మీరైనా, నేనైనా పై ఊరికి నీళ్లు అమ్ముకున్నాడనే అనుకుంటాం.

పదకొండో రోజున వంతు ప్రకారం నీళ్లు వచ్చాయి. అప్పటికే కంకుల పీచు ఎండిపోయింది.

విచారణ ఏప్రిల్‌లో పెట్టారు. పెద్ద ఇంజనీరు బల్లకు అటువైపు. ఇటువైపు లష్కర్ నిలబడి ఉన్నాడు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టారు. వరండాలో ఊరివాళ్లు. వాళ్ల తరఫున ఒక ముసలి రైతు లోపలికి వచ్చి, సంచి విప్పి కంకులు బల్ల మీద గుమ్మరించాడు. ఒక్కో కంకికి అక్కడో గింజ, ఇక్కడో గింజ. మిగతాదంతా బోడి బెండు.

"గివి మావోని కష్టం సార్," అన్నాడు లష్కర్‌ను చూపించి. "మా ఊర్ల పుట్టిండు. మా నీళ్లు పక్కూరోళ్లకు పోసిండు."

"షట్టర్ ఎత్తింది నువ్వేనా?" ఇంజనీరు అడిగాడు.

"నేనే సార్. పై ఊరికోసం ఎత్తలే. మా చివరి మడుల కోసం ఎత్తిన. కాగితంల పది దినాలని రాసిండ్రు గని, గా ఎండకు ఏడు దినాలకే పంట పడిపోయింది. నేను పోయి ఈ సార్‌కు చెప్పిన. ఆకు సుత చూపెట్టిన."

"ఆకు కాదయ్యా, లెక్క కావాలి," అని ఇంజనీరు నా వైపు తిరిగి, మొదట చెప్పిన ఆ ప్రశ్న అడిగాడు.

లష్కర్ నా మొహం వైపు చూశాడు. భయంగా కాదు, ధీమాగా. ఇప్పుడు సారు చెప్తాడు అన్నట్టు. నేను ఆయన వైపు చూడకుండా రిజిస్టర్‌లో పేజీ తిప్పాను.

"లేదు సార్. మామూలుగానే ఉంది."

"ఎండలు ఎక్కువున్నాయా?"

"సగటుకు దగ్గరగానే ఉన్నాయి సార్."

ఇంజనీరు తప్పు చేయలేదు. నీళ్లు చాలినంత వదిలినట్టు కాగితం చెప్తోంది. చాలిన నీళ్లు చేరలేదంటే ఎవరో తీసినట్టే. షట్టర్ ఎత్తానని ఆయనే ఒప్పుకున్నాడు. పావుగంటలో అయిపోయింది. ఆయనను పనిలోంచి తీసేశారు.

వరండాలో ఆ ముసలి రైతు ఆయనకు అడ్డం నిలబడి, "నీ చేతుల నీళ్లు తాగుడు సుత పాపమేరా" అన్నాడు. లష్కర్ మెట్ల మీద కూర్చుని చెప్పులు వేసుకోబోయాడు. ఒకటి వేసుకుని రెండోది చేతిలోనే పట్టుకుని చాలాసేపు అలాగే ఉన్నాడు. నేను పక్కనుంచి దిగి స్కూటర్ స్టార్ట్ చేసుకుని వచ్చేశాను.

మర్నాడు పొద్దున చూసింది చూసినట్టు రాశాను. ఆ తర్వాత ఉద్యోగం వదిలేదాకా అలాగే రాశాను. ఊహించినట్టే మే నెలలో సంజాయిషీ ఉత్తరం వచ్చింది. 'పరికరం పరీక్షించితిని. లోపము లేదు. గాలి, ఎండ అధికముగా ఉన్నవి. రీడింగు సరియైనదే' అని నాలుగు వాక్యాలు రాసి పంపాను. అంతే. మళ్లీ ఎవరూ ఏమీ అడగలేదు. ఒక మనిషిని ముంచి నేను తప్పించుకున్న ఆపద విలువ పావలా స్టాంపంత కూడా లేదు.

తర్వాతి ఏళ్లలో నాకు బాగా అర్థమైంది కాబట్టి, కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు చెప్పాలి. ఎండలు పెరిగితే పంటకు నీళ్లు ఎక్కువ కావాలి అని అందరూ అంటారు. అది సగం మాట. వేడికి పంట తొందరగా ముదురుతుంది. చేనులో ఉండే రోజులు తగ్గుతాయి. కాబట్టి పంటకాలం మొత్తం మీద నీటి లెక్క ఒక్కోసారి పెద్దగా మారినట్టు కనిపించదు. మారేది రోజు లెక్క. అది కూడా పూత, పీచు, పొట్ట దశల్లో ఒక్కసారిగా ఎగురుతుంది. అప్పుడు మూడు రోజులు ఆలస్యం చేసి, తర్వాత రెట్టింపు నీళ్లిచ్చినా లాభం లేదు. వానకాలంలో ఇంకో తిరకాసు. వానలు మొత్తం మీద సరిపడా పడ్డట్టే ఉంటాయి. కానీ రెండు వానల మధ్య ఎడం పెరిగింది. ఆ ఎడంలో మొగులు ఉండదు, ఎండ మాడ్చేస్తుంది. పత్తి చేను బురదలోంచి లేచి పది రోజుల్లో దూపతో వాడిపోతుంది. ఇంకో సంగతి, ఎండ కంటే గాలిలోని పొడితనాన్ని ఎక్కువ గమనించండి. ఉష్ణమాపకం మామూలుగా ఉన్న రోజున కూడా పొడిగాలి తొట్టిని తాగేస్తుంది. పాత సగటులు పాత గాలికి తీసినవి. వాటిని గౌరవించండి గానీ, వాటితో వంతులు వేయకండి.

ఇవన్నీ నేను శిక్షణ తరగతుల్లో చెప్పేవాణ్ని. ధైర్యంగా, నమ్మకంగా చెప్పేవాణ్ని. ఉద్యోగం వదలడానికి కొన్ని నెలల ముందు అలాంటి తరగతిలోనే దొరికిపోయాను. కొత్తగా చేరిన ఒక అమ్మాయి మా కేంద్రం ఫిబ్రవరి నెలల గ్రాఫ్ గీసి గోడ మీద చూపించింది. గీత ఏటా కొంచెం అటూ ఇటూ ఊగుతూ పైకి పోతోంది. ఒక్కచోట మాత్రం గుంత.

"సార్, చుట్టుపక్కల కేంద్రాలన్నింటిలో ఆ ఏడు ఎక్కువ చూపిస్తోంది. మనకొక్కదానికే ఎందుకు తగ్గింది? ఆ యాసంగి మన దగ్గర చల్లగుండెనా?"

గదిలో ఇరవై మంది ఉన్నారు. "చూసి చెప్తానమ్మా" అన్నాను. ఆ సాయంత్రం ఆమె మళ్లీ వచ్చి చెప్పింది: కొత్త నీటి వంతుల చార్టులు ఈ సగటులతోనే తయారవుతున్నాయట. అంటే నా పదిహేను రోజుల అబద్ధం ఇంకా చేలకు నీళ్లు తగ్గిస్తూనే ఉంది. చిన్నగానే కావచ్చు. కానీ లష్కర్‌ను తీసేసినట్టు దాన్ని ఎవరూ పనిలోంచి తీసేయలేదు.

నాలుగు రోజులు తీసుకున్నాను. ఐదో రోజున డైరీలోని అంకెలన్నీ ఎత్తిరాసి, ఏం చేశానో దాచకుండా రాసి, పైఆఫీసుకు పంపాను. లష్కర్ విచారణలో నేను చెప్పిన సాక్ష్యం తప్పని నీటిపారుదల ఆఫీసుకు మరో ఉత్తరం. మొదటిదానికి జవాబు వచ్చింది. ఆ పదిహేను రోజుల అంకెలను 'సందేహాస్పదం' అని గుర్తు పెట్టి సగటు నుంచి తీసేశారు. నాకు మెమో ఇచ్చారు. ఇవ్వాల్సిందే. రెండోదానికి జవాబు రాలేదు. అప్పటి ఇంజనీరు రిటైరై పోయాడు, ఫైలు ఎక్కడుందో ఎవరికీ తెలియదు. నేను ఉద్యోగం వదిలాను. అయినా చివరి ఊరికి పోవడానికి మరో ఏడాదిన్నర పట్టింది. పోని రోజులకు కారణాలు ఎప్పుడూ దొరికేవి.

మొన్న యాసంగి కోతలప్పుడు పోయాను. ఇల్లు అడిగితే ఒకాయన, "ఎవలు, షట్టర్ దొంగోని ఇల్లా?" అని చెయ్యి చూపించాడు. ఎగతాళిగా కూడా అనలేదు. ఇంటిపేరు చెప్పినంత మామూలుగా అన్నాడు.

ఆయన భార్య వాకిట్లో చింతపండు గింజ తీస్తోంది. నేనెవరో చెప్పాను. గింజ తీయడం ఆపలేదు.

"గా రిజిస్టర్ సారువా?"

"అవును వదినా."

"వదినా గిదినా అనకు సారూ. మా బిడ్డ లగ్గానికి ఊర్లోళ్లు సగం మంది రాలే. వచ్చినోళ్లు సుత మా ఇంట్ల మంచినీళ్లు ముట్టలే. గప్పుడేడవోయిన్రు మీరు?" ఇంకో గింజ తీసి, తల ఎత్తకుండానే అంది: "వడ్ల సెంటర్ కాడ ఉన్నడు. సంచులు కుడతాండు."

వడ్ల కొనుగోలు కేంద్రం ఊరి బయట మైదానంలో ఉంది. పొడుగ్గా కుప్పలు. తేమ కొలిచే మిషన్ వంతు కోసం ఊరు ఊరంతా అక్కడే కూర్చుని ఉంది. ఆయన ఒక టార్పాలిన్ నీడలో దబ్బనం పట్టుకుని బస్తా మూతి కుడుతున్నాడు. జుట్టు మొత్తం తెల్లబడింది. నన్ను చూడగానే గుర్తుపట్టాడు.

"రాండ్రి సార్. కూసోండ్రి," అని ఖాళీ సంచి ఒకటి పరిచాడు.

నేను కూర్చుని, దారంతా కూడబలుక్కున్నదంతా చెప్పాను. తొట్టి, నాలుగు గ్లాసులు, డైరీలోని ఏడు, చార్టులోని పది. ఆయన కుడుతూనే విన్నాడు. అయిపోయాక దారం పళ్లతో తెంపాడు.

"నాకు చెప్తే ఏం ఫాయిదా సార్? నేను అమ్ముకోలేదని నాకెరికనే. పంట ఏడు దినాలకే పడిపోయిందనీ ఎరికనే. గీ ముచ్చట తెల్వనోళ్లు ఆడ కూసున్నరు." గడ్డంతో కుప్పల వైపు చూపించాడు. "వాళ్లకు చెప్పుండ్రి."

అంత సిద్ధపడి నేను రాలేదు. ఆయనకు చెప్పి, చేతులు పట్టుకుని, చాయ్ తాగి వెళ్లిపోవచ్చనుకున్నాను. నిజం చెప్పాలంటే అదీ ఒక రకం తప్పించుకోవడమే. లేచాను. తేమ మిషన్ దగ్గరికి పోయి, "అయ్యా, ఒక్క నిమిషం నా మాట వినండి" అన్నాను.

"ఏందంట? రేటు పెంచిన్రా?" ఎవరో అన్నారు. నవ్వులు.

"తేమ తగ్గించే మందేమన్న అమ్ముతాండా?"

"వినుండ్రిరా జర," అన్నాడొకాయన. చూస్తే ఆ రోజు బల్ల మీద కంకులు గుమ్మరించిన ముసలి రైతు. మంచం మీద కూర్చుని ఉన్నాడు, చేతిలో కర్ర.

నేనెవరో చెప్పాను. ఏం రాశానో చెప్పాను. మొదటిసారి చెప్తున్నప్పుడు గొంతు నాకే సరిగ్గా వినపడలేదు. నవ్వులు ఆగిపోయాయి. "అంటే షట్టర్ ఎత్తింది మనకోసమేనా?" అని ఒక ఆడమనిషి పక్కామెను అడిగింది. ఒక యువకుడు లేచి, "పదేండ్లకు మతికొచ్చిందా సారుకు? పెన్షన్ వస్తాంది గద, ఇగ భయం లేదు" అన్నాడు. అందులో తప్పు లేదు. ముసలి రైతు కర్ర నేలకు ఆనించి లష్కర్ వైపు చూస్తున్నాడు.

లష్కర్ టార్పాలిన్ కింది నుంచే, దబ్బనం చేతిలో పట్టుకుని, పిలిచాడు.

"సార్, జర గట్టిగ చెప్పుండ్రి. ఆఖరి కుప్పకాడ ఉన్నోళ్లకు ఇనవడ్తలేదు."

మళ్లీ చెప్పాను. ఈసారి ఆఫీసు భాషలో కాదు, మా నాన్న భాషలో.

"ఈ అన్న మీ నీళ్లు అమ్ముకోలే. మీ పంటకోసమే షట్టర్ ఎత్తిండు. ఎండ ఎంతున్నదో నాకెరిక. ఎరికుండి తక్కువ రాసిన. అడిగిననాడు నోరు మూసుకున్న. మీ మక్కలు ఎండింది నా వల్ల, ఈయన మీద దొంగ పేరు పడ్డది నా వల్ల. అన్నా, తప్పు నాది. అందరి ముందట చెప్తాన. నన్ను మాఫ్ చెయ్యి."